కూయని గువ్వకు జెండా

4 ఏప్రిల్ 2018, బుధవారం

రోజూ పది లైన్లు రాయమంది ఫిజియో పిల్ల. ఏం రాయాలంటే మీ ఇష్టం అంది. ఇంట్లో తెల్లకాగితం లేదు. పాత మార్కుల షీట్లు మాత్రం అలమారా నిండా ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు గువ్వల పోటీలకు జడ్జిగా చేసినవాడిని, ఒక్క షీటూ పారెయ్యలేదు. కట్ట పైనుంచి ఒక్కోటి తీసి వెనకవైపు రాస్తున్నాను. కుడిచెయ్యి నాది కానట్టుంది. ఇది ఎన్నో లైనో లెక్క తప్పింది. చాలు.

7 ఏప్రిల్, శనివారం

మార్చి తొమ్మిదిన స్నానం చేసి చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే కుడిచెయ్యి మాట వినలేదు. రెండు రోజుల్లో పోటీ ఉందనగా. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. జడ్జి చొక్కా.

చిన్న స్ట్రోకే అన్నారు ఆస్పత్రిలో. కందిగింజంత. మూడు నెలల్లో మామూలు మనిషైపోతారు పాక్ బార్ది అన్నారు, పేరుకు ముందు పాక్ తగిలించి మర్యాదగా. నేను వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాను. మా పోటీ ముప్పై అయిదు రోజులకోసారి, ఆదివారమూ, అయిదు రోజులకోసారి వచ్చే క్లివోన్ సంతరోజూ కలిసిన నాడు. ఏప్రిల్‌ది పోయినట్టే. మే నెలది రంజాన్ ఉపవాసాల్లో పడింది, అప్పుడు పోటీ ఉండదు. ఆ తర్వాతది జూన్ 24. ఆ రోజు నేను పంజరాల గెడల కింద నిలబడాలి. నిలబడకపోతే నేనేంటో నాకు తెలియదు. అరవై మూడేళ్లొచ్చాయి, ఇంకో పని రాదు.

10 ఏప్రిల్, మంగళవారం

ఫిజియో పిల్లకు గువ్వల పోటీ అంటే ఏంటో తెలియదట. జకార్తా పిల్ల. మా బంతుల్ ఊళ్లో ఉద్యోగం చేస్తూ అది తెలియకుండా ఎలా బతుకుతోందో!

చెప్పాను. నలభై గెడలు, ఒక్కో గెడ కొసన ఒక పంజరం, పంజరంలో గువ్వ. కింద మేం ఇద్దరం జడ్జిలం తిరుగుతూ వింటాం. కూత మొదలెట్టడం చూడాలి, కూత నడుమ చూడాలి, కూత చివరి తోక చూడాలి. తోక లాగి ఆపాలి, తెంపకూడదు. బాగా కూస్తే ఆ గెడకు మూడు రంగుల జెండా పాతిస్తాం, ఇంకా బాగుంటే నాలుగు రంగులది. అయిదు రంగులది నా జన్మలో ఆరుసార్లు ఇచ్చాను. మరి నలభై ఒకేసారి కూస్తే ఎలా వింటారండీ అంది. అందుకే కదమ్మా జడ్జి అన్నాను.

ఆ పిల్ల మాటకు మొదలు బాగుంటుంది. తోక లేదు. మూడు రంగులు.

15 ఏప్రిల్, ఆదివారం, క్లివోన్

మైదానం నుంచి మైకు వినబడింది. కిటికీ వేసేశాను.

26 ఏప్రిల్, గురువారం

డాక్టర్ నింగ్రుమ్ నా మెదడు ఫొటో చూపించింది. కందిగింజను వేలు పెట్టి చూపించింది. నేను దాన్ని చూడలేదు. దాని చుట్టూ తెల్లటి మచ్చలున్నాయి, బూజు పట్టిన అరటిపండులా. అవేంటి అన్నాను.

చూడండి పాక్, పెద్ద కాలువలు బాగానే ఉన్నాయి, పిల్లకాలువలే పూడిపోయాయి అంది. ఒక దారి మూసుకుపోతే మెదడు పక్క సందుల్లోంచి పోవడం నేర్చుకుంటుందట. కోలుకోవడం అంటే అదేనట. నాకు ఆ సందులు కూడా పాడయ్యాయట. అందుకే స్ట్రోకు చిన్నదైనా ఆలస్యం అవుతోంది అంది. బీపీ ఎన్నాళ్లుగా ఉంది అని అడిగింది. నాకు బీపీ లేదన్నాను. నా భార్య తుమీరా నేల చూస్తూ కూర్చుంది.

తర్వాత వరండాలో నడిపించింది. నడుస్తూ వందలోంచి ఏడేసి తీసెయ్యమంది. తొంభై మూడు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నడవండి నడవండి అంటే నడిచాను, లెక్క పోయింది. రెండూ కలిసి రావడం లేదు.

జూన్ 24కి కుదురుతుందా అని అడిగాను. చూద్దాం అంది. మా జావాలో పుట్టిన ఎవరికైనా తెలుసు, చూద్దాం అంటే ఏంటో.

3 మే, గురువారం

ఏమండీ, మన పిట్టని ఎండలో పెట్టరా అంది తుమీరా. పెట్టాలనిపించలేదు. పెట్టకూడదనీ అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. కుర్చీలో కూర్చుని ఆ పంజరాన్ని చూశాను. అది నన్ను చూసింది. కాసేపటికి తుమీరాయే వచ్చి పంజరం ఎత్తింది. నా మీద కోపమా అని అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదు. కోపం ఉన్నా బాగుండేది.

మగాడన్నాక అయిదుండాలంటారు మావాళ్లు. ఇల్లు, ఇల్లాలు, గుర్రం, కత్తి, పిట్ట. నా గుర్రం మోటారుసైకిలు. తాళంచెవి తుమీరా ఎక్కడో దాచింది. మిగతా నాలుగూ ఇంట్లోనే ఉన్నాయి. నేనే లేనట్టుంది.

11 మే, శుక్రవారం

టీవీలో సబ్బు ప్రకటన చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. సబ్బుతో నాకే గొడవా లేదు.

2 జూన్, శనివారం

చెయ్యి పనిచేస్తోంది. చొక్కాకు ఏడు బొత్తాలూ నేనే పెట్టుకున్నాను, ఎనిమిది నిమిషాలు పట్టింది. తుమీరా గుమ్మంలో నిలబడి చూసింది, సాయం రాలేదు. రాకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో చేతులు నలుపుకోవడం చూస్తే తెలిసింది.

నడక మాత్రం రావడం లేదు. అడుగులు చిన్నవైపోయాయి. చెప్పు నేలకు అతుక్కున్నట్టుంటుంది. బాత్రూముకు చేరేలోపలే కొన్నిసార్లు అయిపోతోంది. ఇది ఫిజియో పిల్లకు చూపించను.

15 జూన్, శుక్రవారం. రంజాన్ పండగ

ఉదయం నుంచి జనమే. చిన్నవాళ్లు పెద్దవాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని మన్నింపు అడిగే రోజు కదా. నలభై మంది పైనే వచ్చారు. అందరూ ఒకటే పాట. అబ్బ, ఎంత బాగున్నారండీ! ముందుకంటే బాగున్నారు! కోడికూర, ఆకులో ఉడికించిన కుపత్ అన్నం తిన్నారు, వెళ్లారు. ఒక్కరు కూడా నీ తలలో ఎలా ఉందని అడగలేదు. అడిగితే చెప్పేవాడిని. తల నిండా దూది కుక్కినట్టుందని, ఎవరైనా మాట్లాడితే మొదటి మాట అర్థమయ్యేలోగా మూడోది వచ్చేస్తోందని, నవ్వాల్సిన చోట నేను నవ్వేసరికి మిగతావాళ్లు ఆపేస్తున్నారని.

ముజిమాన్ చివర్లో వచ్చాడు. నాతో జోడీగా తిరిగే రెండో జడ్జి. పందొమ్మిదేళ్ల కిందట కూత వినడం నా దగ్గరే నేర్చుకున్నాడు. గురువుగారూ, మాటతో చేసినవీ చేత్తో చేసినవీ నా తప్పులన్నీ మన్నించండి అన్నాడు. అందరూ అనే మాటే. కానీ నా చెయ్యి పట్టుకుని నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. లేవరా, మోకాళ్లు పట్టేస్తాయి అన్నాను. లేచాక నా మొహం చూడలేదు.

24 జూన్, ఆదివారం, క్లివోన్

చేశాను!

నాలుగు రౌండ్లూ నిలబడ్డాను. చొక్కా బొత్తాలు అయిదు నిమిషాల్లో పెట్టాను. ముజిమాన్ నా పక్కనే, అర అడుగు వెనక. ముందే ఒప్పందం, ఇద్దరి మార్కులు కలవకపోతే పెద్దవాడి మాటే చెల్లుతుంది. పెద్దవాడిని నేనే. తల దూదిలాగే ఉంది, కానీ కూత వినబడగానే ముప్పై ఒక్క ఏళ్లు తిరిగొచ్చాయి. తొమ్మిదో గెడ మీద గువ్వ ఎలా కూసిందనీ! తోక లాగి, లాగి, దించింది. జెండా అన్నాను. జెండా అబ్బాయి పరిగెత్తాడు. పోటీ అయ్యాక గువ్వల యజమానులంతా వచ్చి చెయ్యి కలిపారు. మీరు లేక రెండు పోటీలు చప్పబడిపోయాయండీ అన్నారు. సంఘం కార్యదర్శి అయితే మీ చెవికి తిరుగులేదు పాక్ బార్ది అన్నాడు.

ఇంటికొచ్చి తుమీరాకు మొత్తం చెప్పాను, గెడ గెడకూ చెప్పాను. మంచిదండీ అంది. కాఫీ పెడతానని లోపలికి వెళ్లిపోయింది. ఇంకేమైనా అడుగుతుందని చూశాను. కాఫీ కూడా చాలాసేపటికి తెచ్చింది.

డాక్టరు చూద్దాం అంది కదా. చూసుకోమనండి.

29 జూలై, ఆదివారం, క్లివోన్. మధ్యాహ్నం ఒంటిగంట

బాగా జరిగింది. ఇరవై ఏడో గెడకు నాలుగు రంగులు ఇచ్చాను. ఏం కూత! అందరూ తలాడించారు. అలిసిపోయాను, తర్వాత రాస్తాను.

అదే రోజు. సాయంత్రం నాలుగు

చెంబుతో నీళ్లు పోసుకుంటున్నాను. రెండో చెంబు నెత్తి మీదికి ఎత్తాక తెలిసింది.

ఇరవై ఏడో గెడ మీది గువ్వ అసలు కూయలేదు. ఈకలు దువ్వుకుంటోంది. పొద్దుట్నుంచీ దువ్వుకుంటూనే ఉంది, నా కళ్లతో చూశాను. కూసింది ఇరవై ఆరు. విన్నది ఇరవై ఆరు దగ్గర, నోరు తెరిచింది ఇరవై ఏడు దగ్గర. చెవికీ నోటికీ మధ్య ఒక గెడంత దూరం వచ్చింది.

మైదానంలో రెండు వందల మంది ఉన్నారు. గువ్వ కూత తెలియని వాడెవడూ అక్కడికి రాడు. కూయని గువ్వకు నాలుగు రంగుల జెండా పాతుతుంటే రెండు వందల మంది తలాడించారు. ఇరవై ఏడు యజమాని వంగి దండం పెట్టాడు. ఇరవై ఆరు యజమానురాలు, పాపం, తీర్పు బాగుందండీ అంది.

ఒంటికి సబ్బు అలాగే ఉంది. బయటికొచ్చి కూర్చున్నాను.

30 జూలై, సోమవారం

సంఘం ఫలితాలు ఫోనుకొచ్చాయి. నాలుగు రంగులు ఇరవై ఆరుకి. ఇరవై ఏడుకి ఏమీ లేదు.

నా సంతకం ఉంది కింద.

31 జూలై, మంగళవారం

ఇవాళ ఈ డైరీని తిరగేశాను. అంటే నిజంగానే తిరగేశాను. వెనకవైపు రాస్తున్నాను కదా, ముందువైపు చూశాను.

మే 3న పిట్ట గురించి రాసిన కాగితానికి ముందువైపు, పోయినేడాది ఫిబ్రవరి పోటీ. నా చేత్తో, పదకొండో గెడకు మూడు రంగులు. అలమారాలో సంఘం వాళ్లు అచ్చేసిన ఫలితాల కాగితాలు కూడా ఉన్నాయి. వెతికాను. పదికి మూడు రంగులు, పదకొండుకి సున్నా. ఇంకోటి తీశాను. ఇంకోటి. పండగ గురించి రాసిందాని ముందువైపు కూడా అంతే. ఎక్కడ చూసినా నా కలం ఒక గెడ ముందుకు జారింది, అచ్చులో ఎవరో వెనక్కి జరిపారు. జరిపింది సరిగ్గానే జరిపారు. ఆ పదో గెడ గువ్వే తర్వాత జావా మొత్తానికి మొదటిదయింది.

స్ట్రోకు వచ్చింది ఈ మార్చిలో. మొదటి తప్పు రెండువేల పదహారు అక్టోబరులో. అక్కడి నుంచి పద్నాలుగు పోటీలు, తొమ్మిదింట్లో తప్పులు. అప్పుడు నా చెయ్యి బాగుంది, కాలు బాగుంది, మోటారుసైకిలు నడిపేవాడిని, పిట్టకు ఈల వేసేవాడిని. తల తిరిగినట్టు కూడా లేదు.

నాలుగు నెలలుగా ముందులా కావాలి ముందులా కావాలి అని చెయ్యి పిసుక్కుంటూ కూర్చున్నాను. ముందు ఎలా ఉన్నానో నాకు తప్ప అందరికీ తెలుసు.

1 ఆగస్టు

రాయను.

9 ఆగస్టు, గురువారం

డాక్టరు దగ్గరికి ఒక్కడినే వెళ్లాను, ఆటో మాట్లాడుకుని. తెల్లమచ్చలు ఎప్పటివి అని అడిగాను. స్ట్రోకువి కావు అంది. ఏళ్లవి. మూడో నాలుగో, ఇంకా ఎక్కువో. బీపీ చప్పుడు చెయ్యకుండా సన్న నరాలను కొరుక్కుంటూ పోతుందట. మాట నిదానమవుతుందట, ఒకేసారి రెండు పనులు రావట, ఆసక్తి చచ్చిపోతుందట. ఇంట్లో వాళ్లు వయసు అనుకుంటారు అంది. కందిగింజ గాయం చాలావరకు మానింది పాక్, మీకు మిగిలిన ఇబ్బందిలో ఎక్కువ భాగం దానికి ముందుది అంది.

ఆ రోజుల్లోనే ఎవరైనా ఇతనికి తేడాగా ఉందని చెప్పి, నేను మీ దగ్గరికొచ్చి, మాత్రలు వేసుకునుంటే?

బల్ల మీది కలం మూత తీసింది, పెట్టింది. కొంత ఆగుండేది, ఎంతో నేను చెప్పలేను అంది. చూద్దాం అనలేదు. అందుకు నాలుగు రంగులు. దారంతా ఏడుస్తూ వచ్చాను. ఇది సబ్బు ఏడుపు కాదు.

12 ఆగస్టు, ఆదివారం

ముజిమాన్ ఇంటికి వెళ్లాను, వాకిట్లో పంజరాలు కడుగుతున్నాడు. ఎప్పట్నుంచి అని అడిగాను. ఏది గురువుగారూ అనలేదు. తడిచేతులతో నిలబడి, రెండువేల పదహారు, అక్టోబరు రెండు, క్లివోన్ అన్నాడు. తారీఖు నాకంటే బాగా గుర్తుంది.

ప్రతిసారీ నా షీటుకు బదులు ఇంకోటి రాసి కార్యదర్శికి ఇచ్చి, నాది నాకే తిరిగిచ్చేవాడట. సంతకం కూడా వాడే పెట్టేవాడు. కార్యదర్శికి తెలుసు. గువ్వల వాళ్లకు తెలుసు. జెండా అబ్బాయికి తెలుసు. మీ చెవి పోయిందని నా నోటితో ఎట్టా అంటానండీ, ఆ చెవితోనే కదా నాకు కూత నేర్పింది అన్నాడు.

నేను అరిచాను. చాలా అరిచాను. ఒక్క మాట అనుంటే డాక్టరు దగ్గరికి పోయేవాడిని కదరా, మీ మర్యాద నా మెదడు తినేసింది కదరా అన్నాను. తడినేల మీద కూలబడ్డాడు. వాడి భార్య తొంగిచూసి తలుపేసుకుంది.

అక్కడ్నుంచే అన్నాడు. ఒకసారి అన్నానండీ, మీకు గుర్తులేదేమో. రెండువేల పదిహేనులో, క్లాతెన్ ఊరి పోటీలో, ఆరో గెడ కాదేమో గురువుగారూ అయిదోదేమో అన్నాను. మీరు అందరి ముందూ, ఏరా, నీ చెవులు కళ్లజోడు తగిలించుకోడానికి పెట్టాడా దేవుడు అన్నారు.

గుర్తుంది. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత నచ్చిందో కూడా గుర్తుంది. ఆ రోజు ఎవరు రైటు అని అడిగాను. మీరేనండీ, అందుకే కదా మళ్లీ నోరెత్తలేదు అన్నాడు.

13 ఆగస్టు, సోమవారం

తుమీరాకూ తెలుసు. ముందు తెలిసింది తనకేనట. పదహారులోనే ముజిమాన్ ఇంటికి వెళ్లి, ఆయన అదోలా ఉన్నారు తమ్ముడూ, కాస్త కనిపెట్టుకుని ఉండు అని చెప్పొచ్చిందట.

నాకెందుకు చెప్పలేదు అన్నాను. చెబితే వినే మనిషేనా మీరు అంది. పొయ్యి మీద నీళ్లు పెట్టి మర్చిపోయేవారు, దించేదాన్ని. చెప్పిందే చెప్పేవారు, మొదటిసారి విన్నట్టు వినేదాన్ని. బీపీ చూపించుకుందాం అంటే నీకేం పనిలేదా అని కసిరారు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంక ఊరుకున్నాను. ఇల్లు నడవాలిగా అంది.

నేను అన్నాను, ఇంత మంది మధ్యలో నన్ను ఒంటరివాణ్ణి చేశారు అని. అప్పుడు లేచింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె గొంతు అంత పెద్దగా వినలేదు. మీకు ఎవరూ లేరని మీరు ఏడుస్తున్నారు, ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఎదురుగా ఉండి కూడా లేకపోతే నాకెవరున్నారు, రెండేళ్లు నేనెవరితో మాట్లాడానో ఎప్పుడైనా అడిగారా అంది. పిట్టతో మాట్లాడేదట.

దగ్గరికి వెళ్లాలని అనిపించింది. అనిపించింది! అనిపించాక లేవడానికి చాలాసేపు పట్టింది, అప్పటికి ఆమె పెరట్లోకి వెళ్లిపోయింది. చిన్న చిన్న అడుగులేసుకుంటూ పెరట్లోకి వెళ్లాను.

20 ఆగస్టు, సోమవారం

జడ్జి చొక్కా సంఘంలో ఇచ్చేశాను. అయ్యయ్యో ఎందుకండీ, మీరు లేని పోటీ ఒక పోటీయేనా అన్నాడు కార్యదర్శి. మాట పూర్తికాకముందే చొక్కా అందుకున్నాడు.

ముజిమాన్ గేటు దాకా వచ్చాడు. వాణ్ణి ఒకటి అడిగాను. పోటీ అయిపోయాక ఇరవై పంజరాలు దించకుండా ఉంచు, నేను విని చెబుతాను, తప్పుంటే తప్పు అను, గట్టిగా అను, నలుగురూ వినేట్టు. అదెట్టా గురువుగారూ అన్నాడు. తప్పు అంటాడని నమ్మకం లేదు. ఇక్కడ పుట్టినవాడు కదా.

2 సెప్టెంబరు, ఆదివారం, క్లివోన్

ఇరవై గెడలు విన్నాను. మొదటి తప్పు ముజిమాన్ గొణిగాడు. అయిదోది మామూలుగా అన్నాడు. పదకొండో తప్పుకు మైదానం ఆ చివర ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. పద్దెనిమిదో గెడ దగ్గర మాత్రం, కాదురా ఇదే కూసింది అన్నాను. కాదండీ, అవతలి పందొమ్మిదోది, మీరే తప్పు అన్నాడు. నువ్వే తప్పురా అన్నాను. మీరే అన్నాడు. చెవులు ఏమయ్యాయిరా అన్నాను. ఉన్నాయి కాబట్టే చెబుతున్నాను అన్నాడు. మధ్యాహ్నం అజాన్ వినబడేదాకా పోట్లాడుకున్నాం. గెడల దగ్గరే కూర్చుని వింటున్న తుమీరా లేచి వచ్చి, ఇద్దరూ తప్పే, అది పదిహేడో గెడ అంది.